మేడమీదక్క

సోమవారం మధ్యాహ్నానికల్లా హాస్పిటల్ లిఫ్టు పని తెమిలిపోయింది. రెండో అంతస్తులో ఆగాల్సింది జానెడు కిందికి జారి ఆగుతోందని ఫిర్యాదు. మెకానిక్ బ్రేకు విప్పి, అరిగిన లైనింగు మార్చి, స్ప్రింగు బిగించి, నాలుగుసార్లు పైకీ కిందికీ తిరిగాడు. అయిదోసారి కళ్ళు మూసుకుని నిలబడ్డాడు. లిఫ్టు ఆగిన సంగతి కాళ్ళకి తెలియకూడదు. తెలియలేదు. అప్పుడు సంచీ సర్దుకుని, కుళాయి దగ్గర కూర్చుని, గోళ్ళ సందుల్లో గ్రీజు పోయేదాకా పాత టూత్‌బ్రష్షుతో రుద్దుకున్నాడు. ఆ రుద్దుడు హాస్పిటల్ కోసం కాదు, పుస్తకాల కోసం.

వారానికి నాలుగూళ్ళు తిరిగే ఉద్యోగం. ఏ ఊళ్ళో ఏ సందులో ఎవరు పుస్తకాలు అమ్ముతారో అతనికి కంఠోపాఠం. పెద్ద షాపుల జోలికి పోడు. ఒక్క మనిషి నడిపేవి, బోర్డు రంగు వెలిసినవి, కరెంటు పోతే పుస్తకాన్ని గుమ్మం వెలుతురులోకి తెచ్చి చూపించేవి, అవీ అతని షాపులు.

"ఏమండీ, పుస్తకాల షాపులున్న ఊళ్ళోనే లిఫ్టులు చెడిపోతాయా మీకు?" అంది భార్య ఆవేళ ఫోన్లో.

"వాటంతటవి చెడిపోవు. నేనే చెడగొట్టి వస్తాను."

"ఈసారి సంచీ నిండా తెచ్చారంటే మంచం మీద పుస్తకాలు పడుకుంటాయి, మీరు వరండాలో పడుకుంటారు."

ఆ ఊరి షాపు ఒక పాత మేడ మెట్ల కింద ఉంది. చేతులు చాపితే రెండు గోడలూ తగులుతాయి. నడిపేది రిటైరైన స్టేషన్ మాస్టారు. అక్కడో షరతు: ఇంతకుముందు చదివిందేమిటో చెప్పనిదే కొత్తది చేతిలో పెట్టడు. మెకానిక్ స్టూలు మీద కూర్చుని, పోయిన నెల చదివిన నవల కథంతా చెప్పాడు. మాస్టారు మధ్యలో రెండుసార్లు "అబద్ధం" అన్నాడు, ఒకసారి "భేష్" అన్నాడు. చివరికి వెనక వరసలోంచి అట్ట ఊడొచ్చిన పుస్తకమొకటి తీసిచ్చాడు. ఒక ఓడ వంటవాడి జ్ఞాపకాలు, మొదటి భాగం.

లాడ్జి గదిలో దాన్ని ఏకబిగిన చదివేశాడు. ఓడ తుపానులో చిక్కుకుంది, వంటగదిలో పొయ్యి ఊడి దొర్లుతోంది, వంటవాడు దాన్ని వీపుతో ఆపి నిలబడ్డాడు. అక్కడితో మొదటి భాగం సరి.

మంగళవారం రెండో ఊళ్ళో పని చూసుకుని అక్కచెల్లెళ్ళ షాపుకి పోయాడు. ఒకప్పటి ఫొటో స్టూడియో అది. ఎడమ పక్క అక్కగారివి కథలు, నవలలు. కుడిపక్క చెల్లెలిగారివి తతిమ్మావన్నీ. ఇద్దరికీ మాటల్లేవు. ఏం మాట్లాడుకున్నా కొనడానికొచ్చినవాళ్ళ ద్వారానే.

"ఓడ వంటవాడు రెండో భాగమా? జ్ఞాపకాలంటే నా పక్క కాదు, ఆవిణ్ణడగండి," అంది అక్క.

"అందులో సగం కల్పనే, నా పక్క కాదని ఆవిడతో చెప్పండి," అంది చెల్లెలు.

చెప్పాడు. ఇద్దరూ కలిసి ఒక్క మాట మీదికి వచ్చింది మాత్రం ఒకే ఒక్క విషయంలో: అలాంటిది ఉంటే గింటే తరవాతి ఊళ్ళో మూడంతస్తుల షాపులో ఉంటుంది; మేడమీదక్కని అడగాలి.

"మేడమీదక్క అంటే?"

"మూడో అంతస్తంతా ఆవిడదే. పుస్తకం పేరు అక్కర్లేదు, అట్ట మీద బొమ్మ చెప్తే చాలు. తీసిచ్చేస్తుంది," అంది చెల్లెలు. అవునన్నట్టు అక్క తలూపింది. చెల్లెలు అది చూడనట్టు నటించింది.

బుధవారం అతనికి ఆ ఊళ్ళో పనేం లేదు. అయినా సెలవు పెట్టి బస్సెక్కాడు.

మూడంతస్తుల షాపు బజారు మలుపులో ఉంది. పెద్దాయన గల్లా దగ్గర కూర్చుని కళ్ళద్దాలు తుడుచుకుంటున్నాడు. లోపలికి అడుగుపెట్టగానే మెకానిక్ చూసింది పుస్తకాల్ని కాదు, మూలనున్న లిఫ్టుని. పాతకాలం గ్రిల్ తలుపు, ఇత్తడి పిడి. పిడికి తాడు కట్టి, దాని మీద అట్టముక్క వేలాడదీశారు. 'పనిచేయదు' అని రాసి ఉంది.

"ఓడ వంటవాడి జ్ఞాపకాలు, రెండో భాగం కావాలి. మేడమీదక్కని అడగమన్నారు."

పెద్దాయన కళ్ళద్దాలు పెట్టుకుని అతన్ని చూశాడు. "ఆ అంతస్తు మూసేశాం బాబూ. శనివారం చిత్తుకాయితాల బండి వస్తుంది. ఒకటో తారీకు నుంచి ట్యుటోరియల్ వాళ్ళకి ఇచ్చేస్తున్నాం."

"మరి ఆవిడ?"

పెద్దాయన వెనకవైపు గడ్డంతో చూపించాడు.

వెనక గదిలో నలభై అయిదేళ్ళావిడ బల్ల ముందు కూర్చుని, పార్సిళ్ళకి పురికొస కట్టి, అంచులకి జిగురు రాస్తోంది. చంకకర్ర గోడకి ఆనించి ఉంది. కుడికాలికి ఇనపపట్టీల చెప్పు. ముడివేసేటప్పుడు పురికొసని పళ్ళతో కొరికి తెంపుతోంది. ఎవరో గుమ్మంలోంచి "మేడమీదక్కా, ఇంకో రెండు కట్టలు" అని తెచ్చి పడేశారు. ఎనిమిది నెలలుగా కిందే ఉన్నా ఆ పిలుపు మారలేదు.

"ఓడ వంటవాడా?" అందావిడ. చేతులాగాయి. "రెండో భాగం ఉంది. కిటికీ పక్క అర, పైనుంచి నాలుగో వరస, ఎడమ చివర. పచ్చట్ట. వీపు మీద ఎండ పడి పసుపైపోయింది." మళ్ళీ పురికొస అందుకుంది. "ఉన్నది ఎక్కడుందో చెప్పగలను. ఎక్కి తేలేను. యాభై నాలుగు మెట్లు. మిగతావాళ్ళని పంపితే పొరుగు వరసంతా కలిపేసి వస్తున్నారు. అందుకే తాళం."

"లిఫ్టుకి ఏమైంది?"

"ఏమో. కంపెనీవాళ్ళు ఇక ఇంతేనని రాసిచ్చారట."

ఆ మాటకి పెద్దాయన గల్లా కిందినుంచి ఫైలు తీసి తెచ్చాడు. "ఇదిగో. ముక్కు మొహం తెలియనివాళ్ళు కాదు, లిఫ్టు పెట్టినవాళ్ళే రాశారు. సామాను దొరకదట, మొత్తం మార్చాలట. కొత్తది పెట్టాలంటే ఈ మేడ అమ్ముకోవాలి నేను."

మెకానిక్ కాయితం అందుకున్నాడు. పైన తన కంపెనీ ముద్ర. మరమ్మతుకి వీలుకాదు, విడిభాగాలు లభించవు. కింద తేదీ. తేదీ కింద సంతకం.

సంతకం అతనిదే.

మొదటి అక్షరం తోక కిందికి లాగి, చివర చుక్క పెట్టడం అతని అలవాటు. చుక్క కూడా ఉంది. అతనీ షాపులోకి రావడం ఇదే మొదటిసారి.

కాయితాన్ని ఎలా మడిచి ఉందో అలాగే మడిచి ఇచ్చేశాడు. "నేను లిఫ్టు మెకానిక్‌నేనండీ," అన్నాడు. గొంతు మామూలుగానే ఉంది. "ఒకసారి పైన మెషిన్ రూం చూడనిస్తారా?"

"చూసి ఏం చేస్తావు బాబూ? కంపెనీయే కాదందిగా."

"చూస్తే పోయేదేం లేదు కదా."

డాబా మీది గదిలో తలుపు తెరవగానే పావురాలు లేచాయి. మోటారు మీద రెట్టలు. అతను చొక్కా విప్పి మేకుకి తగిలించి, తాళ్ళతో మొదలుపెట్టాడు. ఉక్కుతాడు మందం కొలిచాడు, తెగిన పోగులకోసం గుడ్డ చుట్టి మొత్తం పొడవునా జార్చాడు. గుడ్డ ఎక్కడా పట్టలేదు. గేరుపెట్టె నూనె చిక్కగా ఉంది, మాడలేదు. బ్రేకు బాగుంది. ఇలాంటి లిఫ్టుకి ప్రతి అంతస్తులోనూ తలుపు తాళం దగ్గర ఒక చిన్న స్విచ్చి ఉంటుంది. అన్ని తలుపులూ మూసుకుని, అన్ని స్విచ్చులూ కలిస్తేనే మోటారుకి కరెంటు. మీటరు పట్టుకుని ఒక్కొక్క అంతస్తూ దిగుతూ వచ్చాడు. మూడు, పలికింది. రెండు, పలకలేదు. మూత విప్పి చూశాడు. వేలిగోరంత రాగి నాలుక అరిగి, సన్నబడి, ఎదటిదాన్ని అందుకోలేకపోతోంది.

అంతే. లిఫ్టుకి మరే జబ్బూ లేదు. దానికోసం ఒక మనిషి ఎనిమిది నెలలుగా పురికొస కొరుకుతోంది.

మెట్ల మీద కూర్చుని బ్రాంచి మేనేజరుకి ఫోన్ చేశాడు.

"అక్కడికెందుకు పోయారు మీరు?" అన్నాడు మేనేజరు. "పాత లిఫ్టులు ఎంతకాలం తుడుచుకుంటూ కూర్చుంటాం? కొత్తవి అమ్మితేనే కదా మీకూ నాకూ ఉద్యోగం. ఊరుకోండి."

"లిఫ్టు బాగుంది సార్. కాయితం తప్పు."

"తప్పయితే నన్నడుగుతారేంటి గురూ? సంతకం నాది కాదు, మీది."

ఫోన్ జేబులో పెట్టుకుని అక్కడే ఇంకాసేపు కూర్చున్నాడు. అడుగుమెట్టు దగ్గర మేడమీదక్క చంకకర్ర మీద వాలి నిలబడి ఉంది. పైకి చూస్తోంది.

"ఏమైనా తెలిసిందా?" అని అరిచింది.

"పట్టుబడింది. రెండు రోజులివ్వండి," అన్నాడు.

కొత్త స్విచ్చి దొరకదన్న మాట ఒక్కటి నిజం. కానీ రాగిముక్క కోసి సరిపెట్టే బాపతు కాదతను. మనుషులెక్కేదానికి అటువంటి వైద్యం చేయడు. గురువారం పొద్దున్నే పక్క ఊళ్ళో పాతసామాన్ల కొట్టుకి పోయాడు. అక్కడ కూల్చేసిన హోటలు తాలూకు గ్రిల్ తలుపులు గోడకి చేర్చి ఉన్నాయి. తుప్పు గీకి, ముప్ఫై తాళాలు విప్పి చూసి, అరగని స్విచ్చులు నాలుగు ఏరుకున్నాడు. పన్లోపనిగా అన్ని అంతస్తులవీ మార్చేద్దామని. మధ్యాహ్నానికి తిరిగొచ్చి, లిఫ్టు గుంటలోకి దిగి పనిలో పడ్డాడు. గుంటలోంచి ఒక దువ్వెన, మూడు పెన్నులు, ఎవరో పారేసుకున్న ఎక్కాల పుస్తకం దొరికాయి. మేడమీదక్క వచ్చి గుంట అంచున కుర్చీ వేయించుకుని కూర్చుంది. టార్చి పట్టుకుంటానంది. చేయి కదలకుండా పట్టుకుంది.

"ఇంతవరకూ ఎన్ని షాపులు చూశారు?" అని అడిగింది.

"నలభై దాటాయి."

"అన్నింట్లో గొప్పది?"

"మెట్ల కింద ఒకటుంది. కొనడానికి పోతే మనకే పరీక్ష పెడతారు."

ఆవిడ పకపకా నవ్వింది. టార్చి వెలుతురు మాత్రం ఊగలేదు. "మేం పరీక్ష పెట్టం. మనిషిని చూసి ఇస్తాం. మీరు మొదటిభాగం ఆపుకోలేక ఒక్క పూటలో చదివేసి ఉంటారు. చదువుతూ అచ్చుతప్పులు పెన్సిలుతో దిద్దుంటారు కూడా."

నిజమే. అతను మరమేకు బిగిస్తూ తల వంచుకున్నాడు.

శుక్రవారం పరీక్ష. ముందు ఖాళీగా అయిదుసార్లు నడిపాడు. తలుపు కాస్త తెరిచి నొక్కాడు, కదలలేదు. కదలకూడదు కూడా. తరవాత బరువు పెట్టాలి. కింద అంతస్తులోని పాత నిఘంటువులూ చట్టం పుస్తకాలూ తూకానికి పనికొచ్చాయి. ఆరుగురు మనుషుల బరువు కట్టలు లోపల పేర్చి, పైనుంచి వదిలి, లిఫ్టు జారిపడకుండా పట్టి ఆపే పరికరం పనిచేస్తోందో లేదో చూశాడు. ఠప్పున పట్టేసింది. షాపంతా ఉలిక్కిపడింది. మెకానిక్ ఒక్కడే నవ్వాడు.

పదకొండింటికి లిఫ్టు మూడో అంతస్తుకి పోయి తిరిగొచ్చింది. కొనడానికొచ్చినవాళ్ళు కూడా చప్పట్లు కొట్టారు. పెద్దాయన అక్కడికక్కడే చిత్తుకాయితాలవాడికి ఫోన్ చేసి బండి వద్దన్నాడు, తరవాత ట్యుటోరియల్ వాళ్ళకి చేశాడు. "కంపెనీ అంత కంపెనీ చేతులెత్తేసిందయ్యా. ఎక్కణ్ణుంచి ఊడిపడ్డావయ్యా నువ్వు!" అని మెకానిక్ భుజం పట్టుకుని ఊపేశాడు. "అమ్మాయ్, నువ్వే ముందెక్కు."

"ఈయన్ని కూడా రమ్మనండి బాబాయ్‌గారూ," అంది మేడమీదక్క.

పైన ఎనిమిది నెలల దుమ్ము. ఆవిడ కిటికీ రెక్కలు తోసింది. చంకకర్ర టకటకమంటుంటే అరల మధ్య ఒక చుట్టు తిరిగింది. ఒకచోట వంగి తలకిందులుగా ఉన్న పుస్తకాన్ని సరిగా నిలబెట్టింది. కిటికీ పక్క నాలుగో వరస ఎడమ చివరికి వెళ్ళి, చూడకుండానే చేయి పెట్టి పచ్చట్ట పుస్తకం తీసింది. కొంగుతో తుడిచింది.

"తీసుకోండి. ఇది షాపు తరఫున కాదు, నా తరఫున."

అతను చేయి చాపలేదు.

"మీ బాబాయ్‌గారి ఫైల్లో ఉన్న కాయితం మీద సంతకం నాదేనమ్మా," అన్నాడు.

ఆవిడకి మొదట అర్థం కాలేదు. అతను మళ్ళీ చెప్పాడు. ఈసారి ఏదీ దాచకుండా చెప్పాడు. కంపెనీ తనదేనని, ఆ రోజు మేనేజరు ఇలాంటి కాయితాల కట్ట ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టాడని, సీనియర్ మెకానిక్ సంతకం ఉంటేగానీ చెల్లవన్నాడని, పెట్టేశానని.

"లిఫ్టు చూడకుండా?"

"చూడలేదు."

"కనీసం కాయితమైనా చదివారా?"

"లేదు."

"ఏం, అంత తొందరేమిటి?"

"సాయంత్రం ఆరింటికి బస్సు. దిగే ఊళ్ళో పుస్తకాల షాపు ఏడున్నరకి కట్టేస్తారు."

ఆవిడ పుస్తకాన్ని కిటికీ గూట్లో పెట్టేసింది. కొంగుకి అంటిన దుమ్ము దులుపుకుంది. "ఏం కొన్నారు ఆవేళ?" అని అడిగింది.

అతను ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు. "గుర్తులేదు," అన్నాడు.

"ఎనిమిది నెలలండీ," అందావిడ. గొంతు పెంచలేదు. "పై నెల నుంచి నన్ను రావద్దని చెప్పడానికి బాబాయ్‌గారు మూడు వారాలుగా మాటలు వెతుక్కుంటున్నారు. నాకు తెలియదనుకుంటున్నారు పాపం. నేనేమో ఆయన మీద కోపం తెచ్చుకోలేక, లిఫ్టు మీద తెచ్చుకున్నాను. ఇనపముక్క మీద ఎంతకాలం కోపం నిలబడుతుంది? చివరికి నా కాలి మీదకే తిరిగింది." అతని మొహంలోకి చూసింది. "అచ్చుతప్పు కనబడితే దిద్దకుండా ఉండలేని మనిషి. ఒక్క పేజీ కాయితం."

 

"ఎన్నున్నాయా కట్టలో?" అని ఆవిడే అడిగింది.

"పద్దెనిమిది."

"ఒకటి బాగైంది," అంది మేడమీదక్క. "మిగతా పదిహేడూ ఎక్కడ?"

ఆ ప్రశ్న అతనికి తట్టనే లేదు. బుధవారం నుంచి ఈ ఒక్క లిఫ్టునే మోస్తున్నాడు.  ఆవిడ బల్ల సొరుగు లాగి, దుమ్ముపట్టిన కార్డులు తీసి, పెన్ను రాస్తోందో లేదో గోరు మీద గీసి చూసుకుంది.

"కూర్చోండి. ఆ కాయితాలు ఇలాంటి పాత లిఫ్టులవే అయ్యుంటాయి. మీ దారిలో మీ కంపెనీ గ్రిల్ తలుపుల లిఫ్టులు ఎక్కడెక్కడున్నాయో చెప్పండి. నేను రాస్తాను."

పదమూడు గుర్తొచ్చాయి. వీధి, మేడ, అంతస్తులు అన్నీ ఆవిడ అడిగి అడిగి రాబట్టింది. తక్కిన నాలుగూ ఆఫీసు ఫైల్లో చూడాలి. ఒక్కో లిఫ్టుకి ఒక్కో కార్డు. ఆవిడ రాత ముత్యాల్లా ఉంది. పచ్చట్ట పుస్తకం మాట ఇద్దరూ ఎత్తలేదు.

కిందికొచ్చి పెద్దాయనకి అతనే చెప్పుకున్నాడు. పెద్దాయన మొహం ఎర్రబడింది. "నీ సంతకం చూసి కదయ్యా నేనీ పిల్లని మూల కూర్చోబెట్టాను!" అని ఒక్క అరుపు అరిచి, ఆ మాట ఆవిడ ముందు అన్నందుకు తనే సిగ్గుపడి, మొహం తిప్పుకుని గల్లా దగ్గర కూలబడ్డాడు. మెకానిక్ తెల్లకాయితం అడిగి, నిలబడే రాశాడు. హెడ్డాఫీసుకి ఒకటి, షాపుకొకటి. పలానా తేదీన ఈ లిఫ్టును చూడకుండా పొరపాటున సంతకం చేశాను. లిఫ్టు బాగుంది. మిగతా పదిహేడింటినీ నేనే స్వయంగా చూసి మళ్ళీ రాసిస్తాను.

మేడమీదక్క అతని భుజం మీదుగా చదివింది. "'పొరపాటున' తీసెయ్యండి," అంది. "'చూడకుండా' ఉందిగా. అది చాలు."

కొట్టేశాడు. సంతకం పెట్టే ముందు మొత్తం కాయితం పైనుంచి కిందిదాకా రెండుసార్లు చదువుకున్నాడు.

సాయంత్రం భార్యకి ఫోన్ చేసి ఆదివారం కూడా రానన్నాడు. ఎందుకో చెప్పాడు.  "ఉద్యోగం పోతుందా?" అంది భార్య.

"పోవచ్చు. హెడ్డాఫీసుకి ఫోన్లో కూడా చెప్పేశాను. సోమవారం రమ్మన్నారు."

"పనిముట్ల సంచీ కంపెనీదా, మీదా?"

"నాది."

"మరింకేం. తిన్నారా?"

శనివారం పొద్దున మొదటి కార్డు చేత్తో పట్టుకుని అదే ఊళ్ళో మూడు వీధులు దాటి వెళ్ళాడు. నాలుగంతస్తుల పాత మేడ. కింద గుమ్మంలో లిఫ్టు ముందు ఎవరిదో సైకిలు అడ్డంగా పెట్టి ఉంది. బయట పై అంతస్తు బాల్కనీ నుంచి తాడుకి కట్టిన బుట్ట దిగుతోంది. వీధిలో నిలబడ్డ ఒకావిడ అందులో జాకెట్టు గుడ్డా, కొలతకి పాత జాకెట్టూ వేసింది. పైన బాల్కనీలో, మెడలో టేపు వేసుకున్న దర్జీ అమ్మ తాడు లాగుతోంది.

"లిఫ్టు ఆగినప్పట్నుంచీ ఇదే తంతు," అంది వీధిలో ఉన్నావిడ. "నాలుగంతస్తులు ఎవరెక్కుతారు? సగంమంది వేరే చోట కుట్టించుకుంటున్నారు."

పైనుంచి దర్జీ అమ్మ అతన్ని చూసింది. "ఎవరు కావాలి?"

"లిఫ్టు చూడ్డానికొచ్చానమ్మా!"

"ఇంకేం చూస్తారు? ఎవరో పెద్ద మెకానిక్ చూసి, పనికిరాదని సంతకం పెట్టిచ్చాడుగా!"

వీధిలో నలుగురున్నారు. అతను తలెత్తి, అందరికీ వినబడేలా అరిచాడు. "చూడలేదమ్మా! చూడకుండా పెట్టాడు. ఆ పెట్టినవాణ్ణి నేనే. ఇప్పుడు చూద్దామని వచ్చాను!"

బుట్ట రెండో అంతస్తు దగ్గర ఆగిపోయింది. దర్జీ అమ్మ తాడు పట్టుకునే ముందుకి వంగి, అతన్నీ, అతని సంచీనీ తేరిపార చూసింది.  తాడు చకచకా లాగేసుకుని, బుట్ట తీసుకుని లోపలికి పోయింది.

అతను కదలకుండా నిలబడ్డాడు. వీధిలో ఆవిడ అతనికి కాస్త దూరం జరిగింది.

కాసేపటికి బుట్ట మళ్ళీ బాల్కనీ దాటి, గోడకి తగులుతూ, మెల్లగా దిగడం మొదలుపెట్టింది. లోపల మెషిన్ రూం తాళంచెవి ఉంది.